గుప్పెడు పొట్టు

పదో రోజు పొద్దున ఎలుకలక్క బోను మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తీసింది. ఈపాటికి చచ్చి పడుండాల్సిన ఎలుకలు నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి. ఒకటైతే వెనక్కాళ్ళ మీద లేచి, మీసాలాడిస్తూ, ఏంటమ్మా ఇవాళ ఇంత ఆలస్యం అన్నట్టు ఆవిడ మొహంలోకి చూస్తోంది.

"ఇదేం చోద్యమే తల్లీ!" అంది ఎలుకలక్క దాంతోనే.

పక్క బోను తీసింది. నాలుగూ ఉన్నాయి. మూడోది తీసింది. అందులోనూ నాలుగూ ఉన్నాయి. మామూలుగా చావకపోతే సంతోషించాలి. ఇక్కడ మాత్రం చావకపోతేనే కొంపలు మునుగుతాయి.

ఆ గదిలో రెండు ర్యాకులు. ఎడమ ర్యాకులోవి మామూలు ఎలుకలు. కుడి ర్యాకులోవి ఒక జన్యువు తీసేసిన ఎలుకలు. రెండూ నల్లవే, రెండూ ఆడవే, పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అందరూ వాటిని 'ఉన్నవి', 'లేనివి' అంటారు. ఆ జన్యువే పేగుకి కాపలా కాస్తుందని నాలుగేళ్ళుగా రిసెర్చి పిల్ల వాదన. రెండు రకాలకీ ఒకే విరేచనాల క్రిమిని నోట్లో పోస్తే, ఉన్నవి కొన్నాళ్ళు నీరసపడి లేచి తిరుగుతాయి. లేనివి ఎండిపోయి, పదో రోజుకల్లా ప్రాణం వదుల్తాయి. మూడుసార్లు అచ్చం అలాగే జరిగింది. ఇది నాలుగోసారి, ఆఖరిసారి. ఇదీ అలాగే వస్తే పిల్ల థీసిస్ అప్పజెప్పి డాక్టరమ్మ అయిపోతుంది.

పిల్ల వచ్చింది. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతిలో నోటుపుస్తకం. మధ్యలో కనపడేవి రెండు కళ్ళే. ఆ రెండు కళ్ళూ బోనులోకి చూసి అలాగే ఉండిపోయాయి.

"తూకం వేద్దాం అక్కా," అంది.

ఎలుకలక్క ఒక్కోదాన్నీ తోక మొదట్లో పట్టి ఎత్తి, ముంజేతి మీద కాళ్ళు ఆననిచ్చి, తూకం మిషను మీదున్న ప్లాస్టిక్ మగ్గులోకి దించింది. దించే ముందు చెవి దీపం కిందకి తిప్పి చిల్లులు చదివింది. కుడి చెవికి రెండు, ఎడమ చెవికి ఒకటి. ప్రతిదానికీ ఒక నంబరు. "పదకొండో నంబరు. పందొమ్మిది పాయింటు నాలుగు గ్రాములు." పిల్ల రాసుకుంది. "పన్నెండు. పందొమ్మిది." రాసుకుంది. మొత్తం ఇరవై నాలుగూ అయ్యేసరికి పెన్సిలు ఆగింది. ఉన్నవీ లేనివీ ఒకేలా కాస్త తగ్గాయి, ఒకేలా మళ్ళీ పుంజుకుంటున్నాయి.

పిల్ల థీసిస్ చూసే సారు పదకొండింటికి వచ్చాడు. ఆయన ఎలుకల గదికి రావడం ఏడాదికి రెండుసార్లు, వచ్చినప్పుడల్లా గౌను తిరగేసి తొడుక్కుంటాడు. నోటుపుస్తకం చూశాడు, బోనులు చూశాడు, ఆఖరికి ఎలుకలక్కని చూశాడు.

"ఈ కళ్ళజోడు ఎప్పుడొచ్చింది?"

"పోయిన నెల సార్."

"అదీ సంగతి!" అన్నాడు, రోగం దొరికిన డాక్టరులా. "చిల్లులు కనపడక ఉన్నవీ లేనివీ కలిపేశావు. ఈ పన్నెండూ మామూలు ఎలుకలే. లేనివి ఎక్కడో వేరే బోనుల్లో హాయిగా ఉన్నాయి."

"అయ్యో, లేదు సార్. తల్లి దగ్గర్నుంచి విడదీసిన రోజే చిల్లులు పెట్టి..."

"నువ్వు కలపకపోతే చచ్చేవిగా?"

తలుపు దగ్గర పశువుల డాక్టరు నిలబడి ఉన్నాడు, ఆ వెనక ఇద్దరు విద్యార్థులు మెడలు సాచి వింటున్నారు. వాళ్ళందరి ముందూ సారు చెప్పేశాడు. సోమవారం నుంచి ఆవిడ కడిగే గదికి వెళ్ళాలి. చిల్లులు చదివే పని కళ్ళు బాగున్నవాళ్ళు చూసుకుంటారు.

కడిగే గది అంటే ఆ భవనంలో అందరికీ తెలుసు. రోజంతా మురికి బోనులు, ఆవిరి, యంత్రం రొద. ఎలుక అనేది కంటికి కనపడదు, అది చేసిన గలీజు మాత్రమే వస్తుంది. ఎవరినైనా నమ్మలేం, తీసెయ్యనూ లేం అనుకుంటే అక్కడికి పంపుతారు. పందొమ్మిదేళ్ళ తర్వాత, చెయ్యని తప్పుకి! ఎలుకలక్కకి ఒళ్ళు మండిపోయింది. బోను మూతలు ఎప్పుడూ చప్పుడు కాకుండా పెట్టే మనిషి, ఆ రోజు మూడింటిని టపటపా పెట్టేసింది. లోపలివి బెదిరి మూలకి పరిగెత్తాయి. వాటిని చూసి ఇంకా మండింది.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు కూడా అలాగే మోగాయి.

"ఏమైందే, వంటింట్లో పెళ్ళి మేళం పెట్టావు?" అంది అత్తగారు ముందు గదిలోంచి.

చెప్పింది. అంతా విని అత్తగారు చెయ్యి ఊపేసింది. "పోతే పోనీవే. ఎలుకలకి పురుళ్ళు పోసే ఉద్యోగం కూడా ఒక ఉద్యోగమేనా? మీ ఆయనకి సంబంధం చూసినప్పుడు పిల్లది ఆస్పత్రిలాంటి చోట పని అన్నారు. ఏ జాతి ఆస్పత్రో నేనూ అడగలా, నా ఖర్మ."

"అత్తయ్యా, నేను కలపలేదు."

"నేనన్నానా కలిపావని? మీ సారుకి చెప్పు."

"చెబితే వింటేగా!"

మొగుడు లిఫ్టు మెకానిక్కు. చేతుల గ్రీజు కడుక్కుంటూ అంతా విన్నాడు. "లిఫ్టు ఆగిపోయి జనం నన్ను తిడుతుంటే నేనేం మాట్లాడను," అన్నాడు. "ముందు మీటరు పెట్టి, ముల్లు చూపిస్తా. అప్పుడు తిట్టమంటా. మీ ఎలుకలకి అలాంటి మీటరేం లేదా?"

ఎలుకలక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఉంది. ఎందుకు లేదు! ఆ కోపంలో తట్టలేదు గానీ, తోక కొసన గోరంత ముక్క తీసి పరీక్ష చేస్తే జన్యువు ఉందో లేదో తేలిపోతుంది. "ఉందండీ!" అంది. ఆ రాత్రి అత్తగారికి కూర రెండోసారి అడక్కుండానే వడ్డించింది.

గురువారం పొద్దున పిల్ల గదిలోకి అడుగు పెట్టకముందే పట్టుకుంది. "పాపా, ఇరవై నాలుగింటికీ తోక పరీక్ష చెయ్యాలి."

పిల్ల నీళ్ళు నమిలింది. "సారు అక్కర్లేదన్నారక్కా. ఈ ప్రయోగం పడేసి, కొత్త ఎలుకలతో మళ్ళీ..."

"పడేసేది ప్రయోగం ఒక్కటేనా? నా పరువు సంగతేంటి? నువ్వు చెప్పు, నేను కలిపానా?"

పిల్ల వెంటనే లేదనలేదు. ఆ ఒక్క క్షణం ఆలస్యం ఎలుకలక్కకి సారు తిట్టిన తిట్లన్నింటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. నాలుగేళ్ళుగా పక్కపక్కన నిలబడి పనిచేసిన పిల్ల ఇది! పిల్లకీ అది తెలిసినట్టుంది, తల దించుకుని కత్తెర తెచ్చింది.

ఒక్కోదాన్నీ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెడ వెనక చర్మం పట్టి, తోక కొసకి తిమ్మిరి మందు కొట్టి, నంబరు గట్టిగా చదివి పిల్ల ముందు పెట్టింది. పిల్ల కత్తిరించి, ఆ నంబరు రాసిన చిన్న గొట్టంలో వేసింది. ఇరవై నాలుగు గొట్టాలు. ఎలుకలక్క వాటిని మూడుసార్లు లెక్కపెట్టింది, ఆపైన పిల్ల చేత కూడా లెక్కపెట్టించింది.

శుక్రవారం పది గంటలకి పిల్ల ఒక ఫోటో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నల్లటి కాగితం మీద తెల్లటి గీతలు. పైవరసలో గీత పడితే ఉన్నది, కిందివరసలో పడితే లేనిది. నంబర్లు చదివించుకుంటూ ఎలుకలక్క వేలు పెట్టి చూసుకుంది. పన్నెండు పైన. పన్నెండు కింద. ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు.

"సారీ అక్కా," అంది పిల్ల.

"నాకెందుకు సారీ, పద చూపిద్దాం!" అని ఫోటో లాక్కుని నడవలో నడిచింది. నడిచిందనడం మర్యాద. ఊరేగింది. పశువుల డాక్టరుకి చూపించింది. ఆ మెడలు సాచిన విద్యార్థులిద్దరికీ చూపించింది. వాచ్‌మన్‌కి కూడా చూపించింది, అతను ఫోటో తిరగేసి చూసి "బాగుంది" అన్నాడు. ఇంటికి ఫోను చేసి అత్తగారికి చెప్పింది. "నేను ముందే చెప్పాగా," అంది అత్తగారు, ఏం చెప్పిందో ఏమో.

సారు ఫోటో చాలాసేపు చూశాడు. "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత వస్తుందనుకున్న మాట రాలేదు. "సరే, నీ చోట నువ్వుండు," అని ఎలుకలక్కతో అనేసి పిల్ల వైపు తిరిగాడు. "అయితే క్రిమి పెంచడంలో తప్పు జరిగింది. పెంచింది ఎవరు?"

"నేనే సార్. కానీ పెంటికల్లో క్రిమి సరిగ్గానే ఉంది. రెండు రకాల్లోనూ ఒకటే లెక్క. ఉన్నవి కూడా నీరసపడ్డాయి కదా..."

"సరిగ్గా ఉంటే లేనివి చచ్చేవి. మొదట్నుంచీ చెయ్యి. థీసిస్ వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అంటారో! పిల్ల ఎలుకల గదికి తిరిగొచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాని అంచు పీకుతూ కూర్చుంది.

"ఏదో మారిందక్కా. ఏం మారింది? మేత?"

"అదే మేత."

"నీళ్ళు?"

"అవే సీసాలు, అవే నీళ్ళు."

"గది మారాం."

"రెండు నెలలు దాటింది. మారితే రెండు ర్యాకులూ మారాయిగా పాపా. ఒకటి ఇక్కడ, ఒకటి పాతింట్లో వదిలెయ్యలేదుగా."

"పొట్టు?" అంది పిల్ల. పొట్టంటే బోనులో అడుగున పరిచే చెక్కపొట్టు. ఎలుకలకి అదే నేల, అదే పరుపు.

"అదే కంపెనీ, అదే మూ..."

మూట అనబోయి ఎలుకలక్క ఆగింది. "అదే మూట," అని పూర్తిచేసి, చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో పండగ వాతావరణం. మొగుడు "మీటరు పెట్టించావా లేదా!" అంటూ తిరిగాడు. అత్తగారు పక్కింటావిడని పిలిచి మరీ, మా కోడలు అంత పెద్ద సారుని ఎలా నోరు మూయించిందో చెప్పింది. ఎలుకలక్క మాత్రం కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. ఎలుకలు కలిపావా అన్నారు, కలపలేదు. నంబర్లు తప్పాయా అన్నారు, తప్పలేదు. ఫోటో ఉంది. సోమవారం తన గది తనకే ఉంది. ఇంకేం కావాలి? చెబితే ఆ సారు మొహం ఎలా వెలుగుతుందో! అంతమంది ముందు నోరు పారేసుకున్న మనిషికి తనే వెళ్ళి, అయ్యా తమరు చెప్పింది నిజమే అని చెప్పుకోవాలా? పోనీ చెప్పకపోతే? పిల్ల ఏడాదిపాటు తప్పు లేనిచోట తప్పు వెతుక్కుంటుంది. సారు తనలో వెతికినట్టే. తను రెండు రోజులే పడింది ఆ బాధ, దానికే గిన్నెలు సొట్టలు పడ్డాయి.

"ఏంటే, గెలిచావుగా, మొహం అలా మాడ్చుకున్నావు?" అంది అత్తగారు.

"తలనొప్పి అత్తయ్యా."

శనివారం ఒంటిపూట పని. పిల్ల అప్పటికే వచ్చి పాత నోటుపుస్తకాలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చుంది. ఎలుకలక్క తలుపు వేసి, మాస్కు కిందకి లాగింది. అలా లాగడం ఆ గదిలో నిషేధం. అయినా మాస్కులోంచి చెప్పే మాట కాదది.

"పాపా, ఈ కొత్త గదికి వచ్చాక లేనివి గూడు కట్టుకోవడం మానేశాయి. గాలి మిషను రొదకి బెదిరి మూలన ముడుచుకుని వణికేవి. బోను మార్చినప్పుడల్లా ఇంకా ఎక్కువ. వాటి వాసన ఉన్న పాత పొట్టు ఒక గుప్పెడు కొత్త బోనులో వేస్తే కుదుటపడతాయి. మామూలుగా అదే చేస్తాం."

"తెలుసక్కా. ఎవరి పొట్టు వాటికే వెయ్యాలి, రిజిస్టర్లో రాసి ఉంది."

"లేనివాటి పొట్టు తడితడిగా కంపు కొడుతుంది, నీకూ తెలుసుగా వాటి విరేచనం. అది వెయ్యబుద్ధి కాలేదు. ఉన్నవి చక్కగా, పొడిగా, మెత్తగా గూళ్ళు కడతాయి. అందులోంచి..." ఆగింది. "ఒక గుప్పెడే పాపా. వేసిన పావుగంటకి అవి అందులో దూరి పడుకునేవి. చూస్తే ముచ్చటేసేది."

పిల్ల చేతిలో పెన్సిలు కదల్లేదు. "ఎన్నిసార్లు?"

"మంగళవారం మంగళవారం. ఎనిమిది మంగళవారాలు, మీరు క్రిమి పోసేదాకా."

"మూడు బోనులకీ?"

"మూడింటికీ. కానీ గ్లౌజులు మార్చాను పాపా! ఒక ర్యాకు నుంచి ఇంకో ర్యాకుకి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ కొత్త గ్లౌజులు వేసుకున్నాను!" అంది ఉక్రోషంగా. ఆ మాట తన చెవిన పడ్డాక, ఎంత తెలివితక్కువగా ఉందో తనకే అర్థమైంది. గ్లౌజులు మార్చి, ఆ కొత్త గ్లౌజులతోనే పొట్టు తెచ్చి వేసింది.

"ఆ పొట్టులో పెంటికలు ఉంటాయి," అంది పిల్ల మెల్లగా. "ఎలుకలు పెంటికలు తింటాయి."

"తింటాయి. అది నాకు చెబుతావా?"

"ఉన్నవాటి పేగుల్లో ఉండే మంచి క్రిములన్నీ ఎనిమిది వారాలు లేనివాటికి తినిపించావక్కా. మేమిచ్చిన చెడ్డ క్రిమి వెళ్ళేసరికి లోపల కాపలా తయారుగా ఉంది. జీన్ లేకపోయినా బతికాయి." ఇంకేదో అనబోయి ఆగింది. "అంటే ఇన్నాళ్ళూ కాపలా కాసింది జీన్ కాదేమో. రెండు ర్యాకులూ ఏళ్ళ తరబడి విడివిడిగా పెరిగాయి. అసలు తేడా కడుపులో క్రిములదేనేమో. నాలుగేళ్ళు నేను రాసిందంతా..."

నోటుపుస్తకాలన్నీ అలా తెరుచుకునే ఉన్నాయి. పిల్ల ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు వినడం కన్నా తిట్లు తినడం నయం.

"నేను నోరు మూసుకుని ఉండాల్సింది," అంది ఎలుకలక్క.

"అప్పుడు ఇంకో నాలుగేళ్ళు రాసేదాన్ని," అంది పిల్ల. కళ్ళు తుడుచుకుని నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. "మళ్ళీ చెప్పు. ఏ బోనులోంచి ఏ బోనులోకి?"

సారు మొహం ఊహించినదానికన్నా ఎక్కువే వెలిగింది. "నేను చెప్పలేదూ!" అని బల్ల చరిచాడు. "కలిపేశావన్నానా, లేదా?"

ఎలుకలు కలిపానన్నారు సార్, పొట్టు కాదు. ఎలుకల సంగతిలో మీరు నూటికి నూరుపాళ్ళూ తప్పు. ఈ మాటలు ఎలుకలక్క నాలుక చివర దాకా వచ్చాయి. చెబితే ఎవరికి కావాలి? అడ్డగోలుగా విసిరిన రాయి ఎక్కడో తగిలింది, ఇక ఆయన గురి చూసి కొట్టినట్టే.

"సార్, అక్క చెప్పబట్టే తెలిసింది," అంది పిల్ల. "దాచిపెట్టుంటే మనకి ఎప్పటికీ..."

"నేను కాదనడం లేదు. చాలా మంచి సంగతి తెలిసింది. కొత్త ప్రయోగం మొదలుపెట్టు. సగం బోనులకి గుప్పెడు పొట్టు వెయ్యి, సగానికి వెయ్యకు. ఏం జరుగుతుందో చూద్దాం." ఆయన అప్పటికే పెన్ను తీసి బొమ్మ గీస్తున్నాడు, ఎలుకలక్క అక్కడ ఉన్న సంగతి కూడా మర్చిపోయి. తలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. "ఆవిడ మాత్రం సోమవారం నుంచి కడిగే గదికే. రిజిస్టర్లో సంతకం పెట్టి మరీ ఇంకోలా చేసింది. రేపు ఇంకేం చేస్తుందో!"

ఈసారి ఆయన అన్నది నిజమే. అదే అన్నింటికన్నా కష్టంగా ఉంది. బుధవారం నాటి కోపం ఎంత సుఖంగా ఉండేదో!

పన్నెండున్నరకి పిల్ల తూకం మిషను బల్ల మీదకి లాగింది. పక్కన ఉన్నవాటి బోను పెట్టింది.

"అక్కా, గుప్పెడంటే ఎంత?"

"గుప్పెడంటే గుప్పెడే."

"అలా రాస్తే కుదరదు. తియ్యి, తూస్తా."

ఎలుకలక్క గ్లౌజు తొడుక్కుని గూట్లో చెయ్యి పెట్టి తీసింది. ఆరు గ్రాములు. మళ్ళీ తియ్యమంది పిల్ల. ఆరు పాయింటు ఒకటి. మళ్ళీ. ఐదు పాయింటు తొమ్మిది. పదిసార్లు తీయించింది. పదిసార్లూ ఆరుకి అటో ఇటో ఒక పాయింటు.

"అబ్బ! మిషనులా ఉందక్కా నీ చెయ్యి."

"ఆ మిషను సోమవారం నుంచి బోనులు తోముతుంది. నువ్వు తియ్యి, చూస్తా."

పిల్ల తీసింది. నాలుగు. ఈసారి ఎక్కువ తీసింది. తొమ్మిది.

"అంత బిగించకు. నలిపేస్తే గాలి పోయి ఎక్కువ వస్తుంది. పిల్ల ఎలుకని పట్టుకున్నట్టు పట్టుకో. ఊపిరాడాలి, జారిపోకూడదు."

ఏడు. ఐదు. ఏడున్నర. ఎలుకలక్క వెనక నిలబడి పిల్ల మణికట్టు పట్టుకుని వంపు చూపించింది, బొటనవేలు ఎక్కడ ఆగాలో చెప్పింది. బయట విద్యార్థులు సంచులు భుజాన వేసుకుని ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. పశువుల డాక్టరు తలుపు అద్దంలోంచి తొంగి చూసి వెళ్ళిపోయాడు. పిల్ల పద్నాలుగోసారి చెయ్యి పెట్టి, తీసి, మగ్గులోకి వదిలింది.

ఆరు.

"వచ్చిందక్కా!" అంది పిల్ల, వారం రోజుల్లో మొదటిసారి మొహం విప్పి. వెంటనే ఇంకోటి తీసింది. ఆరు పాయింటు ఒకటి. "పట్టు దొరికింది!"

ఎలుకలక్క మిషను మీద అంకె చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆరు పాయింటు ఒకటే. పందొమ్మిదేళ్ళ చెయ్యి ముప్పావుగంటలో వచ్చేసింది. సంతోషించాలి, పిల్ల కష్టం గట్టెక్కాలంటే ఇది రావాల్సిందే. సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది. ఇక ఈ గదిలో తను చూపించాల్సింది ఏమీ మిగల్లేదు.

"ఏదో అదృష్టం కొద్దీ పడింది," అంది. "ఇంకోసారి తియ్యి."